స్నేహితుడి కారు స్టీరింగ్ పంపు

అక్కయ్య ఇల్లు, మేడ మీద గది
మూడో తేదీ

అల్లుడుగారికి,

నేను క్షేమం. అక్కయ్య తుంటి ఎముక అతుక్కుంది. కర్ర లేకుండా వంటింటి దాకా నడిచి వచ్చి, నేను తోమిన గిన్నెలు మళ్ళీ తోముతోంది. అంటే పూర్తిగా కోలుకున్నట్టే.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదని మీరూ అమ్మాయీ అలిగారట. ఫోన్‌లో మాట్లాడటం నాకు చిరాకు. చెప్పదలుచుకున్నది కాగితం మీద పెడితే మధ్యలో ఎవరూ అడ్డు రారు. ఇకమీదట ఏదున్నా ఉత్తరం రాయండి.

అసలు సంగతి. కారు అమ్మేస్తున్నాను. అక్కయ్యకి పళ్ళు కట్టిన డాక్టరు కొంటానన్నాడు. వచ్చే నెల ఇరవై ఎనిమిదిన మనింటికి వచ్చి తీసుకెళ్తాడు. తాళాలు ఇచ్చి పంపండి.

కారణం మీకు తెలిసిందే, అయినా రాస్తున్నాను. నా చేతులు అయిపోయాయి. ఆవేళ మార్కెట్ మలుపులో చక్రం తిప్పలేక కారు రోడ్డుకి అడ్డంగా ఆపేశాను. వెనక బళ్ళవాళ్ళు నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. చివరికి ఉల్లిపాయలమ్మే ఆయన వచ్చి తిప్పి పెట్టాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు డిపో వర్క్‌షాపులో పానా పట్టినదాన్ని, ఉల్లిపాయలాయన చేత స్టీరింగ్ తిప్పించుకున్నాను. అక్కయ్యకి కూడా సరిగ్గా ఈ వయసులోనే చేతుల్లో సత్తువ పోయింది. వంశంలోనే ఉంది, ఏం చేస్తాం.

కారు నడపలేనిదాన్ని అక్కడ కూర్చుని మీకు బరువవడం ఎందుకు? కారు వెళ్ళిపోయాక నేను ఇక్కడే ఉండిపోతాను. అమ్మాయికి మెల్లగా చెప్పండి.

అందాకా కారుని వారానికోసారి స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఉంచి ఆపెయ్యండి. బయటికి తియ్యొద్దు. గుడ్డ కప్పి ఉంచండి. గుడ్డ పని కాబట్టి మీకు చేతనవుతుంది.

ఆశీస్సులతో,
అత్త


కుట్టు దుకాణం, ముందు గది
తొమ్మిదో తేదీ

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మీ అమ్మాయికి చదివి వినిపించాను. మెల్లగానే చదివాను. "ఇక్కడే ఉండిపోతాను" దగ్గరికి వచ్చేసరికి లేచి పెరట్లోకి వెళ్ళి బట్టలు ఆరేసింది. అవి అప్పటికే ఆరిపోయిన బట్టలు.

అత్తగారు ఇల్లు విడిచి వెళ్తే అల్లుడు లోలోపల సంబరపడతాడని లోకం అనుకుంటుంది. లోకానికేం, ఎన్నయినా అనుకుంటుంది. మీరు వెళ్ళాక కోప్పడేవాళ్ళు లేక ఈ నెలలో రెండుసార్లు కత్తెర పోగొట్టుకున్నాను. కారు మీది, అమ్మొద్దనే హక్కు నాకు లేదు. మీరు తిరిగి రావాలని అడిగే హక్కు మాత్రం ఉందనుకుంటున్నాను. కాబట్టి అడుగుతున్నాను. రండి.

కారు క్షేమం. గుడ్డ కప్పే ఉంది. ఆ గుడ్డకి అంచు కూడా కుట్టాను.

ఇంకో చిన్న సంగతి. నాకో స్నేహితుడున్నాడు. మీరు చూడలేదు, ఈమధ్యే స్నేహితుడయ్యాడు. వాడి కారు స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుపోయింది. పాపం వాడేమీ చెయ్యలేదు. ఏదో సరుకు అందించాల్సి వచ్చి ఒకే ఒక్కసారి బయటికి తీశాడు. మలుపులో చక్రం తిరగక గేటు స్తంభం కాస్త ఒరుసుకుంది. వీధి చివరి గ్యారేజీకి తీసుకెళ్దామంటే, గ్యారేజీ ఆయనకీ వీడికీ ఒక కోటు విషయంలో మాటల్లేవు. కారు వాడి సొంతం కాదు, ఎవరో పెద్దావిడది. ఆవిడకి తెలిసేలోపు బాగు చేయించాలని వాడు కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకుంటున్నాడు. తమరు ఏదైనా సలహా చెప్తే వాడికి చేరవేస్తాను.

మీ అల్లుడు


అక్కయ్య ఇల్లు, మేడ మీద గది
పద్నాలుగో తేదీ

అల్లుడుగారికి,

మీ స్నేహితుడికి నా సానుభూతి చెప్పండి. బండి దగ్గరికి వచ్చి "నేనేమీ చెయ్యలేదు" అనేవాళ్ళని నా జన్మలో కొన్ని వందలమందిని చూశాను. డిపోలో వాళ్ళకి విడిగా ఒక బెంచీ వేయించాలనుకునేదాన్ని. ఇంకో మాట, గేటు స్తంభం నడిచొచ్చి కారుని ఒరుసుకోదు.

సరే, ఆ పెద్దావిడ మొహం చూసి చెప్తున్నాను. మా పాత బస్సులకి డ్రైవరు భుజాలే బలం. ఈ కార్లకి అలా కాదు. ఇంజిను ఒక బెల్టుతో చిన్న పంపుని తిప్పుతుంది. ఆ పంపు నూనెని ఒత్తిడితో తోస్తుంది. ఆ ఒత్తిడే చక్రాన్ని తేలిగ్గా తిప్పిస్తుంది. అందుకని స్టీరింగ్ బరువెక్కితే ముందు నూనె డబ్బా చూడాలి, తర్వాత బెల్టు, ఆ తర్వాతే పంపు. వరస తప్పొద్దని చెప్పండి. తెలిసీ తెలియనివాళ్ళు పెద్ద బోల్టు ఎక్కడ కనపడితే అక్కడ మొదలుపెడతారు.

మీరు మాత్రం దూరంగా నిలబడి చూడండి. సూది పట్టే చేత్తో పానా పట్టకండి. రెండూ పాడవుతాయి.

నన్ను రమ్మన్నారు. సంతోషం. కానీ వచ్చి ఏం చెయ్యాలో రాయలేదు. నేను కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని వీధిలో పోయే బళ్ళు లెక్కపెట్టే రకం కాదని మీకూ తెలుసు.

అత్త


కుట్టు దుకాణం, ముందు గది
ఇరవై రెండో తేదీ

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ సలహా స్నేహితుడికి అక్షరం పొల్లుపోకుండా అందించాను. వాడు మీ ఫొటో ఉంటే ఇమ్మన్నాడు, గోడకి పెట్టుకుంటాడట.

నూనె డబ్బా మూత తీస్తే అడుగున చారెడు నూనె ఉంది. వాడు కొత్త నూనె నిండా పోశాడు. ఆ సాయంత్రం స్టీరింగ్ కాస్త తేలికైంది. వాడి భార్యని పిలిచి చూపించి, ఇదంతా ఏముంది, బుర్ర ఉంటే చాలన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే షెడ్డు నేల మీద ఎర్రటి మడుగు. బుర్ర గురించి ఆ తర్వాత ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

వరస ప్రకారం బెల్టు చూశాడు. పాత బెల్టు లోపలి వైపంతా పగుళ్ళు. దాన్ని విప్పి, బల్ల మీద పరిచి, టేపుతో చాలా జాగ్రత్తగా కొలిచాడు. ఆ కొలతకి కుట్టుకని ఒక అంగుళం వదిలాడు. ఇంకో రెండంగుళాలు పెరుగుదలకని వదిలాడు. ఆ లెక్క చీటీ మీద రాసి విడిభాగాల కొట్లో ఇస్తే, కొట్టువాడు చీటీలో ఉన్నదే ఇచ్చాడు. తీరా తగిలిస్తే, పంపుని ఎంత వెనక్కి జరిపి బిగించినా బెల్టు నాడా తెగిన పైజామాలా వేలాడుతోంది. ఇంజిను స్టార్ట్ చెయ్యగానే ఒక్క కేక పెట్టి ఊడి అవతల పడింది. పక్కింటి లెక్కల మాస్టారు గోడ మీదనుంచి చూసి, మూడంగుళాలకి ఇంత గోల ఏమిటి, సగటు తీసుకోండి అన్నారు. దేనికీ దేనికీ సగటో ఆయనా చెప్పలేదు, వాడూ అడగలేదు.

ఇప్పుడు మిగిలింది పంపు ఒక్కటే. దాన్ని ఇంట్లోనే విప్పి తియ్యడం మామూలు మనిషికి సాధ్యమేనా అని వాడి ప్రశ్న. మామూలు మనిషి కంటే కాస్త తక్కువవాడనుకుని జవాబివ్వండి.

మీ అమ్మాయి మీ మంచం మీది దుప్పటి ప్రతి వారం ఉతుకుతోంది. ఎవరూ పడుకోని దుప్పటి ఎందుకే అంటే నామీద కోప్పడింది.

మీ అల్లుడు


అక్కయ్య ఇల్లు, మేడ మీద గది
ఇరవై ఏడో తేదీ

ఏమయ్యా,

ఇంక మర్యాదలు చాలు. బెల్టుకి పెరుగుదల వదిలేవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉంటాడు. వాడు పిల్లల యూనిఫారాలు కుడతాడు. ఒక కోటుకి చేతులు పొట్టిగా కుట్టి గ్యారేజీ ఆయనతో మాటలు పోగొట్టుకున్నవాడూ వాడే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ణి చూశాను గానీ, భుజాల మీద గుమ్మడికాయ పెట్టుకుని మరీ ఉత్తరాలు రాసేవాణ్ణి నిన్నే చూస్తున్నాను.

నాకు మొదటి ఉత్తరంలోనే అనుమానం వచ్చింది. గేటు స్తంభం దగ్గర తొంభై పాళ్ళు తెలిసిపోయింది. అయినా ఎంతవరకు వెళ్తావో చూద్దామని ఊరుకున్నాను. ఇక్కడ నాకు వేరే కాలక్షేపం లేదు మరి.

నువ్వు కదిపావు కాబట్టే పాడయింది. బుద్ధిగా నిలబడ్డ కారు. ఇంకో నెలలో డాక్టరు వస్తాడు. అమ్ముతానన్న బండిని కుంటిదాన్ని చేసి ఇస్తే నా మాట ఏం కాను? నువ్వే విప్పు, నువ్వే బిగించు. గ్యారేజీ ఆయన కాళ్ళు పట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు కానీ నువ్వు పట్టుకోవు, నాకు తెలుసు.

చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ఇంజిను చల్లారాక మొదలుపెట్టు. బ్యాటరీ తీగ ఊడదియ్యి. డబ్బాలో నూనె పిచికారీతో పీల్చి తీసెయ్యి. కింద వెడల్పాటి పళ్ళెం పెట్టు, అమ్మాయి వంటపళ్ళెం కాదు. బెల్టు వదులు చేసి తప్పించు. పంపుకి రెండు గొట్టాలుంటాయి. ఒకటి రబ్బరుది, పట్టీ వదులు చేస్తే వస్తుంది. రెండోది ఇనపది, ఒత్తిడంతా దాన్లోనే. దాని నట్టుకి సరిగ్గా పట్టే పానా మాత్రమే వాడు. పానా జారిందా, నట్టు అంచులు అరిగిపోయి ఇక జన్మలో రాదు. తుప్పు వదిలే నూనె వేసి ఆగు. రాకపోతే మళ్ళీ వేసి మళ్ళీ ఆగు. బలం చూపించకు. పంపుని పట్టుకునే బోల్టులు మూడు. అవి పుల్లీ వెనక దాక్కుని ఉంటాయి. పుల్లీకి కన్నాలుంటాయి, దాన్ని మెల్లగా తిప్పి కన్నం బోల్టు ఎదురుగా వచ్చాక లోపలికి పానా పెట్టు. మూడు బోల్టులూ మూడు పొడుగులు. కలిపేశావో, చచ్చావే.

పని అయ్యాక వివరంగా రాయి. స్నేహితుడి పేరు ఎత్తితే ఉత్తరం చించేస్తాను.

అత్త


షెడ్డు, తిరగేసిన బకెట్టు మీద
ఎనిమిదో తేదీ

అత్తయ్యగారికి నమస్కారాలు.

నేనే. స్నేహితుడు లేడు, ఎప్పుడూ లేడు. క్షమించమని అడుగుతున్నాను. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మీరు నన్ను నువ్వు అనడం ఇదే మొదటిసారి. మీ అమ్మాయి ఆ ఉత్తరం తిట్లనుకుని నా భుజం తట్టింది. నేను ఆ కాగితాన్ని గల్లా పెట్టెలో దాచుకున్నాను.

పంపు బయటికి వచ్చింది. నాలుగు రోజులు పట్టింది. ఇనప గొట్టం నట్టుకి మీరు చెప్పినట్టే నూనె వేసి ఆగాను. మొదటి రోజు కదల్లేదు. రెండో రోజు కదల్లేదు. మూడో రోజు లెక్కల మాస్టారు, ఇలా ఆగుతూ పోతే నట్టు ఎప్పటికీ రాదని నిరూపిస్తానని వంగి చూడబోయారు. సరిగ్గా అప్పుడే వచ్చింది. గొట్టంలో మిగిలిన నూనె చిమ్మి ఆయన తెల్ల ప్యాంటు ఎర్రబడింది. ఆయన పెట్టిన కేకకి మీ అమ్మాయి కుంకుడు నురగ తలతోనే పరిగెత్తుకొచ్చి, రక్తమనుకుని నన్ను తిట్టి, నూనె అని తెలిశాక ఇంకా ఎక్కువ తిట్టింది. మాస్టారికి కొత్త ప్యాంటు కుట్టిస్తానన్నాను. పెరుగుదల వదలొద్దన్నారు.

పుల్లీ కన్నంలోంచి బోల్టు తియ్యడం నాకు కష్టం కాలేదు. బొత్తాం కాజాలోంచి బొత్తాం తియ్యడమే కదా. పాత కాన్వాసు గుడ్డ మీద పంపు బొమ్మ సుద్దతో గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టాను. కలిసిపోయే ప్రశ్నే లేదు.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. ఇది రాయడానికే బకెట్టు మీద కూర్చున్నాను. మీరు కోప్పడినా సరే.

పంపు ఒంటినిండా దుమ్మూ నూనే కలిసి అరంగుళం మందాన అట్టలు కట్టింది. కుట్లు విప్పే బ్లేడుతో దాన్ని కోసి తీశాను. పాత కోటు అంచు విప్పితే, ఏ కుట్టు ముందుదో ఏది తర్వాతదో నాకు కనపడుతుంది. అలాగే ఈ అట్టలోనూ పొరలు కనపడ్డాయి. పైన నల్లటి జిడ్డు. మధ్యలో పసుపు రంగు చుక్కలు. ఆ చుక్కల కింద మళ్ళీ నల్లటి జిడ్డు.

ఆ పసుపు షెడ్డు గోడ రంగు అత్తయ్యా. నిరుడు వానలకి ముందు గోడకి రంగు వేయించినప్పుడు మీరు కారు ముందు మూత ఎత్తి పెట్టి వదిలేశారు. పనివాడు ఇంజిను మీద రంగు చిలకరించాడని మీరు రెండు రోజులు వాణ్ణి తిట్టారు. అంటే ఆ రంగు పడేసరికే పంపు కారుతోంది. మార్కెట్ మలుపులో మీకు చక్రం తిరగనిది వానలు వెలిశాక, అంటే ఆ రంగు పడ్డ నాలుగు నెలలకి.

నేను పాడు చెయ్యలేదని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. పంపు మీ చేతుల్లోనే చచ్చిపోతూ వచ్చింది. అందువల్ల బరువెక్కింది చక్రం. మీ చేతులు బాగానే ఉన్నాయేమో. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్ళ గురించి విన్నాం. మీరు ఓటి మద్దెలతో ఆడి, ఆట రావడం లేదని కాళ్ళు విరగ్గొట్టుకోబోతున్నారు.

మీ అల్లుడు


అక్కయ్య ఇల్లు
పన్నెండో తేదీ

అల్లుడుగారికి,

తమరు ఒక పంపు విప్పి వర్క్‌షాపు ఫోర్‌మన్ అయిపోయారని తెలిసి సంతోషించాను.

ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాను. ఏ బండికి ఏ జబ్బో గేటులోకి వస్తుండగానే చెప్పేదాన్ని. నా సొంత కారు పంపు పోతుంటే నాకు తెలియదా? బ్లేడుతో జిడ్డు కోసి నాకు పాఠం చెప్తారా?

పంపులో నూనె తగ్గితే అది ఊరుకోదు. మూలుగుతుంది. చక్రం తిప్పినప్పుడల్లా అరుస్తుంది. పసిపిల్లకి కూడా తెలుస్తుంది. నా కారు ఒక్కనాడూ అరవలేదు. అరవలేదు కాబట్టి పంపు బాగానే ఉంది. పంపు బాగుంది కాబట్టి పోయినవి నా చేతులే. జిడ్డు ఎక్కడినుంచైనా కారి ఉంటుంది.

కొత్త పంపు బిగించి ఇరవై ఎనిమిదిన డాక్టరుకి కారు అప్పగించండి. నా చేతుల గురించి మళ్ళీ రాయకండి.

అత్త


కుట్టు దుకాణం, ముందు గది
పదిహేడో తేదీ

అత్తయ్యా,

మళ్ళీ నన్ను "మీరు" అన్నందుకు బాధపడ్డాను. అది పక్కన పెడతాను.

కొత్త పంపు బిగించాను. ఈసారి నేను కొలతలు తియ్యలేదు. పాత పంపునీ పాత బెల్టునీ కొట్టువాడి ముందు పెట్టి నోరు మూసుకున్నాను. బోల్టులు మూడూ వాటి వాటి చోట్లలోకి వెళ్ళాయి. నూనె పోశాను. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజిను ఆపి ఉండగానే స్టీరింగ్ ఈ కొసనుంచి ఆ కొసకి తిప్పుతూ, డబ్బాలో బుడగలు ఆగేదాకా నూనె పోస్తూనే ఉన్నాను. ఇదంతా మీరు చెప్పలేదు. కొట్టువాడు చెప్పాడు. మీరు చెప్పి ఉంటే బాగుండేది. తిడుతూ చెప్పేవారు, బాగా గుర్తుండేది.

తర్వాత మీ అమ్మాయి కూర్చుని ఒక్క వేలితో చక్రం తిప్పింది. తిప్పి, దిగకుండా అలాగే కూర్చుంది. "అమ్మ దీంతోనా ఇన్నాళ్ళు కుస్తీ పట్టింది" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మాస్టారు గోడ మీదనుంచి చూసి లోపలికి వెళ్ళారు.

ఇక మీ ప్రశ్నకి జవాబు. రాయనా వద్దా అని మూడు రోజులు ఆగాను. అబద్ధం రాస్తే మీకు ఎలాగూ దొరికిపోతాను. అందుకని నిజమే రాస్తున్నాను.

కారు అరిచింది అత్తయ్యా. చాలా అరిచింది. రెండేళ్ళుగా అరుస్తోంది. మీరు వీధి మలుపు తిరిగేటప్పుడు మాకు ఇంట్లోకి వినపడేది. అది వినే మీ అమ్మాయి టీకి నీళ్ళు పెట్టేది. మీరు లోపలికి వచ్చేసరికి టీ తయారుగా ఎలా ఉంటుందని మీరెప్పుడూ అడగలేదు. మాస్టారు ఆ మూలుగు విని గేటు ముందునుంచి తన సైకిలు తప్పించేవారు. మేమెవరమూ ఎందుకు చెప్పలేదంటే, ముప్ఫై ఒక్క ఏళ్ళు వర్క్‌షాపులో పనిచేసిన మనిషి దాంట్లో కూర్చుని ఏమీ అనడం లేదంటే, ఆ కారు గొంతే అంత అనుకున్నాం. మీకు చెప్పేటంత వాళ్ళమా మేము?

ఇంతకు మించి నేను ఏమీ అడగను. మీ అమ్మాయికి కూడా ఏమీ చెప్పలేదు. మీరు ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో నేను ఇప్పుడు అనుకుంటున్నది తప్పయితే, నన్ను తిట్టండి.

ఇరవై ఎనిమిదికి ఇంకా పదకొండు రోజులున్నాయి. డాక్టరు వస్తే ఏం చెప్పమంటారో రాయండి.

మీ అల్లుడు


అక్కయ్య ఇల్లు, కింది గది
ఇరవై రెండో తేదీ

నాయనా,

నీ ఉత్తరం చదివి నిన్నంతా అన్నం తినలేదు. అక్కయ్య ఏమైందని అడిగింది. రెండుసార్లు అడిగిందట. నేను రెండోసారే చూశాను.

వినపడదు. నువ్వు అనుకున్నది నిజమే. కుడి చెవి మూడేళ్ళ కిందటే పోయింది, ఎడమది ఆ దారిలోనే ఉంది. ఇంజిన్ల పక్కన అన్నేళ్ళు నిలబడితే వచ్చేదే, డిపోలో చాలామందికి వచ్చింది. వాళ్ళని నేనే ఆటపట్టించేదాన్ని. నాకు వచ్చేసరికి ఎవరికీ చెప్పాలనిపించలేదు. మెకానిక్‌కి చెవి పోతే ఇంకేముంది? ఫోన్‌లో అమ్మాయి ఏమంటోందో తెలియక ఊ కొట్టి, తర్వాత అది కోప్పడితే ఎందుకో తెలియక, అసలు ఎత్తడం మానేశాను. మొహాలు చూసి మాటలు పట్టుకోవడం నేర్చుకున్నాను. కారుకి మొహం లేదు కదా. అక్కడ మోసపోయాను.

నీకు మరో సంగతి చెప్పాలి. పొద్దున ఇక్కడికి పాత డొక్కు వ్యాను ఒకటి వస్తుంది, గ్యాస్ బండలు దింపుతారు. దానికి పంపూ లేదు, పాడూ లేదు. మా పాత బస్సుల జాతి. డ్రైవరు బండలు దింపుతుంటే అడిగి ఎక్కి కూర్చున్నాను. నిలబడ్డ బండి చక్రం తిప్పడం ఎంత కష్టమో నీకు తెలియదు. ఆ కొసకి తిప్పాను. మళ్ళీ ఈ కొసకి తిప్పాను. డ్రైవరు నోరు తెరిచి చూశాడు. ఏదో అన్నాడు కూడా, మెచ్చుకోలే అయ్యుంటుంది.

దిగి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇన్ని నెలలు ఈ చేతులని నేను తిట్టని తిట్టు లేదు. అన్నం పళ్ళెం ఎత్తినా వణుకుతున్నాయేమోనని చూసుకున్నాను. బాగున్న చేతులని పట్టుకుని ముసలిదాన్నయిపోయానని నాకు నేనే చెప్పుకుని, అమ్మాయిని వదిలి ఇంత దూరం వచ్చి దాక్కున్నాను. ఇలాంటి తప్పు డిపోలో ఎవరైనా చేస్తే పానాతో కొట్టేదాన్ని.

పళ్ళ డాక్టరుకి నేనే చెప్పేశాను, అమ్మనని. అక్కయ్యకి ఇంకో రెండు పళ్ళు కదులుతున్నాయి, ఆ లాభంతో సరిపెట్టుకోమన్నాను.

బోల్టులు గుడ్డ మీద గుచ్చి పెట్టావే, ఆ పని మా డిపోలో ఎవరికీ తట్టలేదు. మూడు పొడుగుల బోల్టులు కలిపేసి తలలు పట్టుకున్న మగాళ్ళని ఎంతమందినో చూశాను. నీ పని శుభ్రంగా ఉంది. ఇది ఎదురుగా చెప్పను, అందుకే రాస్తున్నాను.

అమ్మాయికి నా చెవుల సంగతి నువ్వే చెప్పు. నేను చెప్తే అది ఏడుస్తూ ఏదో అంటుంది, నాకు వినపడదు, మళ్ళీ గొడవ. చెవుల డాక్టరు దగ్గరికి వస్తానని కూడా చెప్పు.

ఇరవై ఆరున మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. కారు వేసుకుని స్టాండుకి రా. గేటు స్తంభాలు చూసుకుని రా. ఇంటికి నేనే నడుపుతాను, మార్కెట్ మలుపు మీదుగానే. నువ్వు నా ఎడమ పక్కన కూర్చో. దారిలో కారు ఏ చప్పుడు చేసినా, అది చిన్నదే అయినా, నాకు తెలుసులే అనుకోకుండా గట్టిగా చెప్పు.

అత్త